1861 నాటి సెక్షన్ 30ని ఇకనైనా వదిలించండి: రెండు రాష్ట్రాల శాసనసభ్యులకు ఒక రిటైర్డ్ మాస్టారి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ శాసనసభ్యులకు నమస్కారం.

నేను కృష్ణా డెల్టాలో కాలవ చివరి ఊరివాణ్ణి. ముప్పై రెండేళ్లు హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను. ఊరేగింపులకీ సభలకీ పోలీసులు అడ్డుపెట్టే, 1861 పోలీసు చట్టంలోని సెక్షన్ 30 గురించి మొదట మా నియోజకవర్గం ఎమ్మెల్యేగారి చేతికే రాసిచ్చాను. తర్వాత సోమవారం అర్జీల రోజున జిల్లా ఆఫీసులో క్యూలో నిలబడి ఇచ్చాను. ఫోన్‌కి నంబరు వచ్చింది. పదకొండో రోజున "మీ అర్జీ పరిష్కరించబడినది" అని మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కరించారో అందులో లేదు. అందుకే అందరూ చదివేలా రాస్తున్నాను.

మూడేళ్ల కిందటి వేసవి సంగతి. మా మంచినీళ్ల చెరువులో నీళ్లు పచ్చగా మారి వాసన కొట్టాయి. నీళ్లు వడకట్టే ఫిల్టర్ బెడ్లలో ఇసుక మార్చి ఎన్నాళ్లయిందో ఎవరికీ గుర్తులేదు. కూలికెళ్లే ఇళ్లవాళ్లు కూడా టిన్ను నీళ్లు కొనుక్కుంటున్నారు. ఖాళీ బిందెలతో మండలాఫీసు దాకా నడుద్దామని ఆడవాళ్లు అనుకున్నారు. అరవై మంది, మూడు కిలోమీటర్లు. ఊళ్లో కాగితం రాసేది నేనే కాబట్టి పోలీస్ స్టేషన్‌కీ నేనే వెళ్లాను.

"సెక్షన్ 30 అమల్లో ఉంది మాస్టారూ, పర్మిషన్ ఉండాలి" అన్నారు. అందుకే వచ్చానంటే పై ఆఫీసుకి వెళ్లమన్నారు. అక్కడ నడిచేవాళ్ల పేర్లు, ఆధార్ జిరాక్సులు, ఏ గొడవా జరగదని పూచీకత్తు అడిగారు. అన్నీ ఇచ్చాను. రసీదు ఇమ్మంటే "రసీదు ఎందుకు సార్, మేమే ఫోన్ చేస్తాం కదా" అన్నారు. ముందురోజు రాత్రి తొమ్మిదిన్నరకి వాట్సాప్‌లో ఒక్క లైను వచ్చింది: శాంతిభద్రతల దృష్ట్యా అనుమతి నిరాకరించడమైనది.

తెల్లారి ఐదింటికి చూస్తే మా అరుగు మీద ఇద్దరు కానిస్టేబుళ్లు కూర్చుని ఉన్నారు. ఒకతను నా దగ్గర పదో తరగతి చదివినవాడే. మా ఆవిడ టీ ఇస్తే తాగి, "ఇవాళ మీరు బయటికి రావొద్దండీ, మాకూ పైనుంచి చెప్పారు" అన్నాడు, నా మొహం చూడకుండా. ఆడవాళ్లు మాత్రం ఆగలేదు. కాలవ వంతెన దాకా వెళ్లారు. అక్కడ వ్యాన్ ఎక్కించారు, బిందెలు రోడ్డు మీదే ఉండిపోయాయి. పదకొండు మంది మీద కేసు కట్టారు. అరుగు దిగని నేను అందులో ఏ1, అంటే మొదటి ముద్దాయిని.

ఆ వారంలోనే ఒక నాయకుడి పుట్టినరోజని అదే వంతెన మీదుగా రెండొందల బైకులు వెళ్లాయి, ముందు డీజే బండి. అప్పుడూ సెక్షన్ 30 అమల్లోనే ఉంది. తమాషా ఏంటంటే, పండగలకీ వేడుకలకీ వీధుల్లో వాయించే సంగీతాన్ని అదుపు చెయ్యడానికి ఆ సెక్షన్‌లోనే విడిగా ఒక నిబంధన ఉంది. దాన్ని ఎవరైనా వాడగా నేను చూళ్లేదు.

అప్పుడు ప్రభుత్వం ఎవరిదని అడక్కండి. ఎవరిదైనా ఇలాగే జరిగేది. నా లేఖ దాని గురించే.

ఈ సెక్షన్ ఎక్కడిదో ఒకసారి చూడండి. 1857 తిరుగుబాటు తర్వాత తెల్లవాళ్లు 1860లో ఒక పోలీసు కమిషన్ వేసి, మరుసటేడే పోలీసు చట్టం తెచ్చారు. మన మద్రాసు ప్రెసిడెన్సీలో కథ ఇంకాస్త ముందే మొదలైంది. 1855లో అక్కడ చిత్రహింసల మీద విచారణకి ఒక కమిషన్ కూర్చుంది. శిస్తు కట్టలేని రైతు వేళ్లని కర్రల మధ్య పెట్టి నొక్కే "కిట్టి", మెడనీ కాళ్లనీ కలిపి తాడుతో కట్టి వంచి ఎండలో ఉంచడం, ఇవన్నీ నిజంగానే జరుగుతున్నాయని ఆ కమిషనే రాసింది. అప్పట్లో శిస్తు వసూలూ, పోలీసు అధికారమూ తాసిల్దారు చేతిలోనే ఉండేవి. ఆ రెంటినీ విడదీస్తూ 1859లో మద్రాసుకి విడిగా పోలీసు చట్టం చేశారు. విడదీసిన మాట నిజమే. కానీ కొత్త పోలీసు రైతుకి జవాబు చెప్పే పోలీసు కాలేదు. దొరకి జవాబు చెప్పే పోలీసయింది. నమూనా కూడా లండన్ పోలీసు నుంచి తీసుకోలేదు. తిరగబడే జనాన్ని అదుపులో పెట్టడానికి ఐర్లాండ్‌లో పెట్టిన సాయుధ దళం నుంచి తీసుకున్నారు.

ఆ ఐర్లాండ్ 1922లో స్వతంత్రం రాగానే ఆ దళాన్ని తీసేసి, తుపాకీ లేని కొత్త పోలీసుని పెట్టుకుంది. మనం రాజ్యాంగంలో 372వ అధికరణం రాసుకుని, పాత చట్టాలన్నీ మార్చేదాకా నడుస్తాయన్నాం. నడుస్తూనే ఉన్నాయి.

సెక్షన్ 30 ఇప్పుడున్న రూపం 1895 సవరణ నుంచి వచ్చింది. అందులో ఉన్నది కూడా మీరనుకునేంత లేదు. ఊరేగింపు ఏ దారిన, ఏ వేళకి వెళ్లాలో పోలీసు అధికారి చెప్పొచ్చు. అదుపు లేకపోతే శాంతికి భంగం కలుగుతుందని మెజిస్ట్రేటు భావించిన సందర్భాల్లో లైసెన్సు తీసుకోమని నోటీసు ఇవ్వొచ్చు. జిల్లా అంతటా, నెలల తరబడి, బిందెలు పట్టుకున్న ఆడవాళ్లతో సహా అందరికీ "పర్మిషన్ లేదు" అనమని ఆ సెక్షన్‌లో ఎక్కడా లేదు. జిల్లా ఎడిషన్ తిరగేస్తే మాత్రం "నెలాఖరు వరకు సెక్షన్ 30" అన్న చిన్న వార్త కనపడుతూనే ఉంటుంది, వాతావరణం వార్తలాగా.

నేను పిల్లలకి ఏటా ఒక పాఠం చెప్పేవాణ్ణి. 1928 ఫిబ్రవరి 3న, సైమన్ కమిషన్ వచ్చిన రోజున, మద్రాసులో పోలీసు తుపాకీకి టంగుటూరి ప్రకాశంగారు ఛాతీ చూపించిన పాఠం. బోర్డు మీద చొక్కా గుండీలు విప్పిన బొమ్మ కూడా వేసేవాణ్ణి. తర్వాతి పాఠం పుస్తకంలో లేదు కాబట్టి చెప్పేవాణ్ణి కాదు. 1947 జనవరిలో ఆ ప్రకాశంగారే మద్రాసు ప్రధానిగా (అప్పట్లో ముఖ్యమంత్రిని అలాగే అనేవారు) ఉండగా, విచారణ లేకుండా మనుషుల్ని నిర్బంధించే ఆర్డినెన్సు వచ్చింది. కమ్యూనిస్టుల్ని దాని కింద పట్టుకుపోయారు. వాళ్లు దానికి ప్రకాశం ఆర్డినెన్సు అనే పేరు పెట్టారు. ఆయన మీద నాకు గౌరవం ఏమీ తగ్గలేదు. అంతటి మనిషి కుర్చీలో కూర్చున్నాక ఆయన చేతికి దొరికింది కూడా దొర వదిలివెళ్లిన లాఠీయే. అదే ఏడాది ఏప్రిల్లో రాజ్యాంగ సభలో సోమనాథ్ లాహిరి అనే బెంగాల్ సభ్యుడు, ఈ ప్రాథమిక హక్కుల్లో చాలావాటిని పోలీసు కానిస్టేబుల్ దృష్టితో రాశారని లేచి అన్నారు. అప్పటికి స్వతంత్రం ఇంకా రానేలేదు.

ఇక మీ సంగతి. 2017 జనవరి 26న ప్రత్యేక హోదా కోసం విశాఖలో కొవ్వొత్తుల ర్యాలీకి వచ్చిన జగన్మోహన్‌రెడ్డిగారిని విమానాశ్రయంలోనే ఆపేశారు. అప్పుడు ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడుగారు. 2020 ఫిబ్రవరి 27న అదే విమానాశ్రయం దగ్గర చంద్రబాబుగారిని ఆపేశారు. అప్పుడు ముఖ్యమంత్రి జగన్‌గారు. ఊరు మారలేదు, విమానాశ్రయం మారలేదు, పోలీసు యూనిఫాం కూడా మారలేదు. ఆపించినవారు, ఆగినవారు మాత్రం తారుమారయ్యారు. ఆగినరోజు ఇద్దరూ ప్రజాస్వామ్యం ఖూనీ అయిందన్నారు. ఇద్దరి మాటా నిజమే.

తెలంగాణ సభ్యులు ఇది అవతలి రాష్ట్రం గొడవ అనుకోవద్దు. నిజాం కాలంలో సభ పెట్టాలంటే సర్కారు అనుమతి కావాలనే గస్తీ నిషాన్ 53 గురించి మీ పెద్దవాళ్లు కథలుగా చెప్తారు. హైదరాబాద్ నగర పోలీసు చట్టం పేరులో ఇప్పటికీ 1348 ఫసలీ అనే, అంటే నిజాం కాలపు లెక్కలో సంవత్సరమే ఉంది. ఉద్యమం చేసి తెచ్చుకున్న రాష్ట్రంలో, ఆ ఉద్యమానికి చోటిచ్చిన ఇందిరా పార్కు ధర్నా చౌక్‌నే 2017లో మూసేశారు. తెరవాలంటే హైకోర్టుకి పోవాల్సి వచ్చింది.

2024 జూలై 1 నుంచి కొత్త క్రిమినల్ చట్టాలు వచ్చాయి, వలస పాలన వాసన పోయిందన్నారు. నేనూ సంతోషించాను. తీరా చూస్తే 144 సెక్షన్ పేరు 163 అయింది. ప్రభుత్వోద్యోగి ఉత్తర్వు ధిక్కరించారనే 188 సెక్షన్ 223 అయింది, నెల నుంచి ఆరు నెలల దాకా ఉన్న జైలుశిక్ష ఆరు నెలల నుంచి ఏడాది దాకా పెరిగింది. 1861 పోలీసు చట్టం జోలికి ఎవరూ పోలేదు. పోలీసు వ్యవహారం రాష్ట్రాల జాబితాలోది. అంటే ఢిల్లీ వైపు చూపించడానికి మీకు వీల్లేదు. కేరళ 2011లో సొంత పోలీసు చట్టం చేసుకుంది.

దీనివల్ల మాలాంటివాళ్లకి ఏమవుతోందో వరసగా చెప్తాను.

1. కేసు చిన్నదే, ఖర్చు పెద్దది. మా పదకొండు మందిలో ఏడుగురు కూలి చేసుకునే ఆడవాళ్లు. వాయిదాకి వెళ్తే ఆ రోజు కూలి పోతుంది, ఆటో డబ్బులు పోతాయి, లాయరుగారి గుమాస్తాకి ఇంకో వంద. జడ్జిగారు సెలవులో ఉంటే మళ్లీ వచ్చే నెల. ఇలా పద్నాలుగు వాయిదాలు తిరిగాం. 188 కింద కోర్టు కేసు తీసుకోవాలంటే సంబంధిత అధికారి స్వయంగా రాతపూర్వక ఫిర్యాదు ఇవ్వాలని చట్టంలోనే ఉంది. అది లేకుండా పెట్టిన కేసుల్ని హైకోర్టులు కొట్టేస్తుంటాయని మా లాయరే చెప్పాడు. హైకోర్టుకి వెళ్లే స్తోమత ఉన్నవాళ్లు మంచినీళ్ల కోసం బిందె పట్టుకుని రోడ్డెక్కరు కదండీ. మా ఏ6 అమ్మాయి నర్సింగ్ చదివింది, గల్ఫ్‌లో ఉద్యోగం వచ్చింది. పాస్‌పోర్టు ఎంక్వైరీలో కేసు పెండింగ్ అని రాశారు. ఉద్యోగం ఆగదు కదా, వేరేవాళ్లకి వెళ్లింది. ఆ అమ్మాయి తల్లి ఇప్పటికీ నన్ను చూస్తే పక్క సందులోకి తిరిగిపోతుంది. కాగితం రాసింది నేనే మరి.

2. మరుసటి వేసవిలో నీళ్లు మళ్లీ పచ్చగానే వచ్చాయి. ఈసారి నడుద్దామని ఎవరూ అనలేదు. నలుగురు వెళ్లి ఒక పార్టీ మండల నాయకుణ్ణి బతిమాలుకున్నారు. ఆయన రెండు ట్యాంకర్లు పంపి, ట్యాంకర్ మీద ఫ్లెక్సీ కట్టించి, ఫొటో దిగాడు. నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించింది ఇదే. జెండా ఉన్నవాడికి రోడ్డు, జెండా లేనివాడికి సెక్షన్ అయ్యేసరికి జనం కూడా తెలివిగా జెండా చాటుకి చేరారు. హక్కుగా అడగాల్సిన నీళ్లు దయగా వచ్చాయి. దొరకి అర్జీ పెట్టుకుని చేతులు కట్టుకుని నిలబడ్డ తాతల కాలానికీ దీనికీ తేడా ఏంటో నా మనవడికి చెప్పలేకపోయాను. మన పార్టీలన్నిట్లో కింది కార్యకర్తకి తెలిసిన ముఖ్యమైన విద్య "పర్మిషన్ తెప్పించడం" అయిందంటే, అది ఈ చట్టం వల్ల కూడా. సొంతంగా పదిమందిని కూడగట్టగల మనిషి ఊళ్లో ఎదగడు, ఎస్సైకి ఫోన్ చెయ్యగల మనిషే ఎదుగుతాడు.

3. సెక్షన్ ఎప్పుడు అమల్లో ఉందో, ఎప్పుడు లేదో ఎవరికీ తెలియదు. ఉత్తర్వు కాపీ అడిగితే పేపర్లో వచ్చింది కదా అన్నారు. ఇలాంటి నిషేధాజ్ఞల్ని బహిరంగంగా ప్రచురించాలని, న్యాయమైన నిరసనని నొక్కడానికి 144 వాడకూడదని సుప్రీంకోర్టు 2020 జనవరిలో కశ్మీర్ కేసులో చెప్పింది. కశ్మీర్‌కి వర్తించింది మా పంచాయతీకి వర్తించదా?

4. గృహ నిర్బంధం. నన్ను ఆ రోజు ఇంట్లో ఉంచడానికి ఏ కాగితమూ చూపించలేదు. అరెస్టు అంటే కోర్టుకి పంపాలి, కారణం చెప్పాలి. అరుగు మీద కూర్చుంటే ఏదీ చెప్పక్కర్లేదు. మీలో చాలామందికి ఇది అనుభవమే కాబట్టి ఎక్కువ రాయను.

5. ఆ కానిస్టేబుల్ కుర్రాడు. రాత్రి రెండింటికి లేపి పంపారట. చదువు చెప్పిన మాస్టారి గుమ్మం ముందు కాపలా కూర్చోవడం అతనికి మాత్రం ఏం సరదా.

మీరు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. 2022 డిసెంబర్ 28న కందుకూరులో తొక్కిసలాటలో ఎనిమిది మంది పోయారు. నాలుగు రోజులకే, జనవరి 1న, గుంటూరులో ముగ్గురు ఆడవాళ్లు పోయారు. అదుపు వద్దా? కచ్చితంగా కావాలి. ఇరుకు రోడ్డులో అంత సభకి ఎవరు ఒప్పుకున్నారని మేం అడగాలి కూడా. కానీ ఆ వెంటనే ప్రభుత్వం ఏం చేసింది? జనవరి 2న జీవో నంబర్ 1 ఇచ్చి, పంచాయతీ రోడ్డు నుంచి జాతీయ రహదారి దాకా సభలూ ర్యాలీలూ ఉండకూడదంది, అరుదైన సందర్భాల్లో తప్ప. దానికి ఆధారం మళ్లీ ఈ 1861 చట్టమే. మే 12న హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఎన్ని అడుగుల రోడ్డుకి ఎంతమంది, అంబులెన్సుకి దారి ఎక్కడ, బారికేడ్లు ఎవరు కట్టాలి అన్నవి ఒక పేజీలో రాసి అన్ని పార్టీలకీ ఒకేలా పెడితే ప్రాణాలు నిలుస్తాయి. "అనుమతి లేదు" అన్న మాటకి ఆ తెలివి లేదు.

రహదారిపై సభలకి నియమాలు పెట్టొచ్చు గాని, కారణం లేకుండా ఇష్టమొచ్చినట్టు నిరాకరించే అధికారం పోలీసుకి ఇవ్వడం చెల్లదని సుప్రీంకోర్టు 1972లోనే అహ్మదాబాద్ కేసులో చెప్పింది. ఈ చట్టం మనకి అంటగట్టిన ఇంగ్లండ్‌లో 1986 నుంచి ఊరేగింపుకి మామూలుగా ఆరు రోజుల ముందు నోటీసు ఇస్తే చాలు. ఈ మధ్య అక్కడా షరతులు పెంచుతున్నారు, ఆ మాటా చెప్పాలి. అయినా వాళ్లు ఇచ్చేది నోటీసు, మనం పెట్టుకునేది దరఖాస్తు.

మా కోరికలు ఇవి.

1. రెండు శాసనసభలూ 1861, 1859, ఫసలీ సంవత్సరాల పోలీసు చట్టాల్ని పక్కనపెట్టి సొంత పోలీసు చట్టం చెయ్యాలి. పోలీసు సంస్కరణలపై సుప్రీంకోర్టు 2006 సెప్టెంబర్ 22న ప్రకాశ్ సింగ్ కేసులో ఇచ్చిన ఆదేశాలు అందులో చేరాలి, ముఖ్యంగా పోలీసుల మీద ఫిర్యాదులు వినే అథారిటీ జిల్లాలో నిజంగా కుర్చీ వేసుకుని కూర్చోవాలి.

2. శాంతియుతమైన నడకకి, సభకి అనుమతి పద్ధతి తీసేసి సమాచారం పద్ధతి పెట్టండి. కాగితం అందిన క్షణమే తేదీ వేసి రసీదు ఇవ్వాలి. అభ్యంతరం ఉంటే 48 గంటల్లో కారణాలతో రాసివ్వాలి, మారుదారి చూపించాలి. దాని మీద అప్పీలు పై పోలీసు అధికారికి కాకుండా జడ్జిగారి దగ్గరికి వెళ్లాలి.

3. నిషేధ ఉత్తర్వు ఏదైనా పంచాయతీ బోర్డు మీదా వెబ్‌సైట్‌లోనూ తెలుగులో పెట్టాలి. ఏ ఊరికి, ఎందుకు, ఎన్నాళ్లు అన్నది ఉండాలి. జిల్లా మొత్తానికి కలిపి ఒకటే ఉత్తర్వు వద్దు.

4. ప్రభుత్వం మారినప్పుడల్లా మీ కార్యకర్తల మీద కేసులు ఎత్తేసుకుంటున్నారు. ఏ పార్టీలోనూ లేనివాళ్ల మీద ఉన్న 188, 223 కేసుల జాబితా కూడా తీయించండి. హింస లేనివన్నీ ఎత్తేయండి.

5. కాగితం లేని గృహ నిర్బంధం చేయించిన అధికారి పేరు రికార్డులో ఉండాలి, నష్టపరిహారం ఆయన జీతం నుంచి రావాలి. ఇది కొంచెం కటువుగా ఉందని మా ఆవిడ అంది. ఉండనిచ్చాను.

ఈ ఐదింటిలో నాలుగో దానికి కొత్త చట్టం అక్కర్లేదు, మూడో దానికి ఒక సర్క్యులర్ చాలు. అవి ఈ నెలలోనే అవుతాయి. మిగతావాటికి వచ్చే సమావేశాల్లో ఒక ప్రైవేటు మెంబరు బిల్లయినా పెట్టండి. ప్రతిపక్షంలో ఉన్నవారికి ఇది మంచి సమయం, ఎందుకంటే అధికారంలోకి వచ్చాక మీకూ ఈ లేఖ నచ్చకపోవచ్చు.

మా చెరువు ఫిల్టర్ బెడ్లలో ఇసుక ఇంకా మార్చలేదు. కాలవకి నీళ్లు ఆపేసేలోపు చెరువు నింపాలి, దానికి ముందే బెడ్లు బాగుచెయ్యాలి. అందుకని మేం మళ్లీ నడుద్దామనుకుంటున్నాం. ఇప్పటికి పంతొమ్మిది మంది వస్తామన్నారు, అందులో ఏ6 అమ్మాయి కూడా ఉంది. దారి అదే, వంతెన మీదుగా మండలాఫీసుకి, ఉదయం ఏడింటి నుంచి తొమ్మిదింటి దాకా, రోడ్డుకి ఎడమ పక్కన. తేదీ, టైము, దారి, నా ఫోన్ నంబరు రాసి ఆరు రోజుల ముందు స్టేషన్లో ఇస్తాను. ఆధార్ జిరాక్సులు ఇవ్వను. ఆ కాగితానికి ఒక రసీదు ఇమ్మని మీలో ఎవరైనా ఒక్కరు ఫోన్ చేసి చెప్పగలరా?

ఇట్లు,
కాలవ చివరి ఊరి రిటైర్డ్ సోషల్ మాస్టారు, ఏ1